వాల్వు ఎక్కడుందండీ?

ప్లంబర్లందరికీ ఒకే గురువు ఉండుంటాడు. ఏ ఊరివాడైనా సరే, ఇంట్లోకి రాగానే లీకు వంక ఓ చూపు చూసి, పెదవి విరిచి, "ఎవరండీ ఈ పని చేసింది?" అంటాడు. చేసింది నువ్వేనయ్యా అని గుర్తుచేస్తే, "అయితే మెటీరియల్ మీరు తెచ్చుంటారు సార్" అంటాడు. దానిమీద అప్పీలు లేదు.

రెండో ప్రశ్న, "వాల్వు ఎక్కడుందండీ?" పరువు పోయేది ఇక్కడే. రిజిస్ట్రేషన్ కాగితాలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో, ఈశాన్యం మూల ఎన్ని అంగుళాలు పెరిగిందో అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాం. నీళ్లు కట్టేసే వాల్వు మాత్రం మేస్త్రీకి, భగవంతుడికే తెలియాలి. గృహప్రవేశంలో పాలు పొంగించే ముందు యజమాని చేత వాల్వులన్నీ ఒకసారి తిప్పించే తంతు పెట్టాలని నా మనవి. పురోహితుడికి మరో పావుగంట పడుతుంది, అంతే.

మా డాబా మీద ట్యాంకు పక్కన నాలుగు వాల్వులున్నాయి. ఓసారి బాత్రూములో కుళాయి తల ఊడి చేతికొచ్చింది. నేను పైకి పరిగెత్తి ఒకటి తిప్పాను. "ఆగలేదు!" అని కింద నుంచి మా ఆవిడ. ఇంకోటి తిప్పాను. "వంటింట్లో ఆగింది, ఇక్కడ కాదు!" మూడోది అసలు తిరగలేదు. గేట్ వాల్వుని ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే బోరునీళ్ల ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఆర్నెల్లకోసారైనా తిప్పి వదలాలి. బాత్రూముది సరిగ్గా అదే. ట్యాంకు ఖాళీ అయ్యాకే నీళ్లు ఆగాయి. ఆ సాయంత్రం మా ఆవిడ గోళ్లరంగుతో మూడింటి మీద పేర్లు రాసింది: వంట, స్నానం, పెరడు. నాలుగోదాని మీద "ఏమో" అని రాసింది. ఇప్పటికీ అది ఏమోనే.

ఇక మా మామగారు. ఆయన కుళాయి కట్టేస్తే విప్పడానికి మళ్లీ ఆయన్నే పిలవాలి. చుక్క కారితే ఆయనకు నిద్రపట్టదు. అది మంచి గుణమే. సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకో బకెట్ నీళ్లు పోతాయి. కానీ ఆయన బిగించిన కొద్దీ లోపలి రబ్బరు వాషర్ నలిగి చీలుతుంది, చీలితే ఇంకాస్త కారుతుంది, కారితే ఆయన ఇంకాస్త బిగిస్తారు. "వాషర్ మారిస్తే సరిపోతుంది మామయ్యగారూ" అంటే, "మా రోజుల్లో వాషర్లు ఇలా ఉండేవి కావు నాయనా" అంటూ ఇంకో చుట్టు తిప్పారు.

షవర్‌ది వేరే కథ. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తెల్లగా పేరుకుని సగం చిల్లులు మూసేస్తే, ఒక ధార గోడకి, ఒకటి సబ్బుపెట్టెకి, ఒకటి సూటిగా కంట్లోకి. మనిషే అటూ ఇటూ జరుగుతూ స్నానం చేయాలి. షవర్ తల విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే దారికొస్తుంది.

ఫ్లష్ ట్యాంకు చడీచప్పుడూ లేకుండా కారుతోందేమో కనిపెట్టడానికి మంచి ఉపాయం ఉంది. ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవరూ నొక్కకుండా చూడాలి. కిందికి రంగు దిగితే లోపలి రబ్బరు పోయినట్టే. మా ఇంట్లో నారింజరంగు దిగింది. ఆ వారం చేసిన రవ్వకేసరి మాత్రం ఎవరికీ దిగలేదు.

వాష్‌బేసిన్‌లో నీళ్లు నిలబడితే జనం యాసిడ్ సీసా పట్టుకొస్తారు. అక్కర్లేదు. కింద గిన్నెలా ఉండే బాటిల్ ట్రాప్‌ని చేత్తో తిప్పితేనే ఊడొస్తుంది. అడుగున బకెట్ పెట్టి విప్పండి. జుట్టు, కరివేపాకు, అన్నం మెతుకులు, ఆవకాయ జిడ్డు అన్నీ కలిసిన నల్లటి ముద్ద ఒకటి బయటపడుతుంది. మనసు గట్టిచేసుకుని తీసేయండి. ఆ బకెట్ నీళ్లు మాత్రం బేసిన్‌లోనే పారబోయకండి. కింద ట్రాప్ లేదు. మా బావమరిది పోశాడు. ఇంజనీరు.