జ్వరాలరావు

సోమవారం రాబోయే జ్వరానికి ఆదివారం రాత్రే ఏర్పాట్లు మొదలవుతాయి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన జోకుకి నవ్వుబొమ్మ పెట్టబోయి జ్వరాలరావు వేలు వెనక్కి తీసుకుంటాడు. తెల్లారితే జబ్బుపడాల్సినవాడు రాత్రి పదింటికి పగలబడి నవ్వితే బాగుండదు. నవ్వుబొమ్మకి బదులు 'సాయంత్రం నుంచీ ఒకటే తలపోటు' అని రాసి, జవాబుల కోసం చూడకుండా డేటా కట్టేస్తాడు.

అసలు పేరు ఆఫీసు రికార్డుల్లో వేరే ఉంది. మాదాపూర్‌లోని ఆ ఏడో అంతస్తులో మాత్రం అందరికీ జ్వరాలరావే. మీ ఆఫీసులోనూ ఒకడు ఉంటాడు. లేడంటే, ఇవాళ సెలవులో ఉన్నాడన్నమాట.

ఏ జబ్బు పడాలన్నది ఆషామాషీగా తేల్చే విషయం కాదు. డెంగీ జోలికి అతను వెళ్ళడు. వెళితే రిపోర్టు చూపించాలి. హైదరాబాద్‌లో నాలుగు వానాకాలాలు గడిపిన ప్రతివాడూ సగం డాక్టరే కాబట్టి, 'ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే దిగాయా?' అని మేనేజరే అడుగుతాడు. వైరల్ ఫీవర్ మర్యాదస్తురాలు. మూడు రోజులుంటుందని లోకమంతా ఒప్పుకుంది, పారాసెటమాల్ తప్ప సాక్ష్యం అక్కర్లేదు. నడుంనొప్పి ఏ స్కానింగుకీ పూర్తిగా దొరకదు గానీ, దానికి మేనేజరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: 'పడుకునే లాప్‌టాప్ చూసుకో.' అన్నిటికంటే నమ్మకమైంది కడుపు. 'లూజ్ మోషన్స్ సర్' అన్నాక, ఎంత అనుమానపు మనిషైనా వివరాల్లోకి దిగడు.

కళ్ళకలక సంగతి వేరు. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది విరగబడినప్పుడు జ్వరాలరావు చరిత్రలో స్వర్ణయుగం నడిచింది. కళ్ళు ఎర్రబడ్డాయంటే చాలు, 'అమ్మో, నువ్వు రాకు బాబూ' అని అవతలివాళ్ళే బతిమాలారు. సెలవు ఇస్తున్నందుకు కృతజ్ఞత కూడా వాళ్ళదే. అతనికి ఆ సీజన్లో రెండుసార్లు వచ్చింది. ఒక్కో కంటికి ఒక్కోసారి.

ఈ విద్య ఆఫీసులో నేర్చింది కాదు, బడిలో అబ్బింది. మన పిల్లలు ఇంగ్లీషులో నేర్చుకునే మొదటి ఉత్తరం సెలవుచీటీ. అందులో 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్న ముక్క కంఠతా రావాలి. ఒంట్లో నిక్షేపంగా ఉన్న నలభైమంది పిల్లలు ఒకే పీరియడ్‌లో జ్వరంతో బాధపడుతున్నట్టు రాసి, మాస్టారి చేత పదికి ఎనిమిది మార్కులు వేయించుకుంటారు. 'సార్, ఇవాళ మా అత్తయ్య వాళ్ళొస్తున్నారు, నాకు ఇంట్లో ఉండాలనుంది' అని రాసినవాడికి మార్కులు పడిన దాఖలా లేదు.

ఫోన్ చేసి చెప్పాల్సిన రోజుల్లో గొంతు కావాల్సి వచ్చేది. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కిందికి వేలాడేసి మాట్లాడితే ముక్కు దిబ్బడ వేసినట్టు పలుకుతుందని అతను సొంతంగా కనిపెట్టాడు. ఆ రెండు నిమిషాలూ ఇల్లంతా సహకరించాలి. మిక్సీ ఆగాలి, పిల్లాడు నవ్వకూడదు. భార్య మాత్రం వెనకనుంచి వినపడీ వినపడనట్టు 'ఆ ఫోన్లు తర్వాత, ముందు ఈ కషాయం తాగండి' అనాలి. ఆవిడ ఆ డైలాగు దోసె తిరగేస్తూ కూడా చెప్పగలదు.

ఇప్పుడంతా మెసేజే. గొంతు పోయింది గానీ టైము వచ్చి కూర్చుంది. ఎనిమిదిన్నరకి పంపితే బద్ధకం అనుకుంటారు. రాత్రి రెండింటికి పంపితే, 'ఇంతసేపు మేలుకుని ఏం చేస్తున్నాడు?' అని సందేహం. ఆరూ నలభై అయితే రాత్రంతా మూలిగి మూలిగి తెల్లవారుజామున ఓటమి ఒప్పుకున్న మనిషి కనిపిస్తాడు. అందుకని జ్వరాలరావు ఆరూ ముప్పై ఐదుకి అలారం పెట్టుకుంటాడు. మామూలు రోజుల్లో ఏడున్నరకి లేచేవాడు, జబ్బుపడ్డ రోజు మాత్రం దాదాపు గంట ముందే లేస్తాడు.

ఇంత నాటకం ఎందుకంటే, చట్టానికీ మేనేజరుకీ మధ్య ఉన్న దూరం వల్ల. 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఉద్యోగికి జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజులు, ఏదైనా సహేతుకమైన కారణం ఉంటే ఇంకో 12 రోజులు జీతంతో సెలవు ఉంది. రెండో 12 రోజులు అడిగితే హాయిగా నిజమే చెప్పుకోవచ్చు. కానీ 'పనుంది సర్, రేపు రాలేను' అంటే 'ఏం పని?' అన్న ప్రశ్న వస్తుంది. చెబితే 'అది ఆదివారం చేసుకోకూడదా?' అన్న సలహా వస్తుంది. జ్వరాన్ని మాత్రం ఆదివారానికి మార్చుకోమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నిజం చెప్పినవాడికి విచారణ, అబద్ధం చెప్పినవాడికి 'టేక్ కేర్' దొరికే చోట జ్వరాలరావు తెలివైనవాడిగానే ప్రవర్తిస్తున్నాడు.

దానికి తోడు లెక్కలు కూడా ఉన్నాయి. చాలా కంపెనీల్లో మిగిలిన ఎర్న్‌డ్ లీవుల్ని డబ్బు చేసుకోవచ్చు. మిగిలిన సిక్ లీవులు మాత్రం డిసెంబరు 31తో గాల్లో కలిసిపోతాయి. అందుకే ఆ ఏడో అంతస్తులో అసలైన అంటువ్యాధుల కాలం వర్షాకాలం కాదు, డిసెంబరు రెండో సగం.

అతని తండ్రిది ప్రభుత్వోద్యోగం. ఆయన పద్ధతులు వేరు. ఏడాదికి 15 సీఎల్‌లు, 20 రోజుల అరజీతపు సెలవు. డాక్టరు సర్టిఫికెట్ పెడితే అరజీతపు సెలవుని పూర్తి జీతానికి మార్చుకోవచ్చు, కాకపోతే ఖాతాలోంచి రెట్టింపు రోజులు కోస్తారు. ఎన్ని రోజులు పడుకుంటే ఎన్ని రోజులు కరుగుతాయో ఆయన నోటిలెక్కన చెప్పేవాడు. దూరాన ఉద్యోగం చేసినప్పుడు ఇంటినుంచి 'మదర్ సీరియస్' టెలిగ్రాం రప్పించుకునే సౌకర్యం కూడా ఉండేది. 2013 జూలైలో తంతి సేవలు మూతపడేదాకా ఆ రెండు ముక్కలు ఎందరు తల్లుల్ని మంచానపడేసి లేపాయో! రైల్వేలో ఉన్న పెదనాన్నకి ఇన్ని వేషాలు కుదిరేవి కావు. అక్కడ సిక్ మెమో పట్టుకుని రైల్వే డాక్టరు ముందు నిలబడాలి, మళ్ళీ డ్యూటీలో చేరాలంటే ఫిట్ సర్టిఫికెట్ తేవాలి.

జీడిమెట్లలో ఫ్యాక్టరీలో పనిచేసే బావమరిదికి అసలు వేషమే దండగ. ఈఎస్ఐలో జబ్బుకి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు గానీ, మామూలుగా మొదటి రెండు రోజులకీ ఏమీ రాదు. జ్వరాలరావు జ్వరాలన్నీ సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే తగ్గిపోయే జాతివి. అతను నూటికి నూరు జీతంతో నటిస్తుంటే, బావమరిది నిజం జ్వరంతోనే మెషీను ముందు నిలబడతాడు. ఈ ముక్క బావమరిది పండక్కి వచ్చినప్పుడల్లా అంటాడు. జ్వరాలరావు వినిపించుకోడు.

ఒక్కడు జబ్బుపడితే నవ్వులాట, అందరూ ఒక్కసారే పడితే వార్త. 2022 జూలై 2న ఇండిగోలో చాలామంది సిబ్బంది సిక్ లీవు పెట్టేసరికి సగానికి పైగా దేశీయ విమానాలు ఆలస్యమయ్యాయి. అదే రోజు ఎయిర్ ఇండియాలో నియామకాల ఇంటర్వ్యూలు ఉన్నాయని పత్రికలు రాశాయి. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కేబిన్ సిబ్బంది వందమందికి పైగా ఒకేసారి అస్వస్థులయ్యారు. పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి, 25 మందిని తీసేశారు. చివరికి లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరి వాళ్ళని వెనక్కి తీసుకున్నారు. డాక్టర్లు కుదర్చలేని జబ్బుల్ని లేబర్ కమిషనర్ కుదర్చగలరని జ్వరాలరావు ఆ రోజు తెలుసుకున్నాడు.

జబ్బుపడటం కంటే కోలుకోవడం కష్టం. తిరిగొచ్చిన రోజు గడ్డం గీసుకోకూడదు. ఏసీ తగ్గించమని అడగాలి. లిఫ్టులో ఎవరైనా 'ఎలా ఉంది?' అంటే 'ఇప్పుడు పర్లేదు, నీరసమొక్కటే' అనాలి. క్యాంటీన్లో బిర్యానీ వడ్డిస్తుంటే పెరుగన్నం ముందు కూర్చోవాలి. 2017 ఏప్రిల్ 28, శుక్రవారం, బాహుబలి రెండో భాగం మొదటి రోజు జ్వరపడినందుకు అతను తిరిగి ఆఫీసుకి వచ్చిన రోజంతా ఆ సినిమా చూడనట్టు నటించాడు. చుట్టూ అందరూ కట్టప్ప ఎందుకు చంపాడో తప్పుల తడకగా చర్చిస్తుంటే నోరు మెదపలేకపోయాడు. అతనికి పడిన అతి పెద్ద శిక్ష అదే.

2020 తర్వాత వృత్తి దెబ్బతింది. 'ఒంట్లో బాగాలేదు సర్' అంటే 'అయితే ఇంటినుంచి చెయ్యి' అంటున్నారు. ఒకప్పుడు జ్వరం వస్తే పని పోయేది, ఇప్పుడు ప్రయాణం ఒక్కటే పోతోంది.

మొన్న సెప్టెంబరులో జ్వరాలరావుకి నిజంగా డెంగీ వచ్చింది. అలారం పెట్టలేదు, తల వేలాడేయలేదు. తొమ్మిదిన్నరకి, ఆసుపత్రి మంచం మీదనుంచి తనే ఫోన్ చేశాడు.

"సర్, డెంగీ అంట. అడ్మిట్ చేశారు. వారం రోజులు రాలేను."

"అయ్యో, అవునా! మరి గొంతు బాగానే ఉందే?"

కళ్ళు తిరుగుతున్నా జ్వరాలరావు తమాయించుకుని, ఫోన్ కాస్త దూరం పెట్టి, రెండుసార్లు గట్టిగా దగ్గాడు. డెంగీకి దగ్గు లేకపోయినా మేనేజరు వెంటనే నమ్మాడు.