బ్రేకు తప్ప అన్నీ చూశారు

జూబ్లీహిల్స్ పెద్దమ్మ తల్లి గుడి దగ్గర మంచిరోజు చూసుకుని పొద్దున్నే నిలబడండి. కొత్త కార్లు వరస కడతాయి. బానెట్ మీద పసుపు స్వస్తిక్, అద్దానికి బంతిపూల దండ, చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు. పూజారి గారు హారతి ఇచ్చి తల ఊపుతారు, బండి కదులుతుంది, నాలుగు కాయలూ చితుకుతాయి. పరీక్ష అయిపోయింది, బండి పాస్. ఇక పదిహేనేళ్ల దాకా ఆ కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందా అని అడిగే నాథుడు లేడు. గుడిని వెక్కిరిస్తున్నాననుకునేరు. ఈ రాజ్యంలో ఆ కారు చక్రాల వైపు ఒక్కసారైనా వంగి చూసిన పెద్దమనిషి ఆ పూజారి గారొక్కరే.

నమ్మకపోతే చట్టం తిరగేయండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో బ్రేకు పడుతోందా, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా, టైరు గుండు కొట్టిందా అని సర్కారు విచారించదు. పొగ సర్టిఫికెట్ అడుగుతుంది, ఇన్సూరెన్సు అడుగుతుంది. అంటే బండి వదిలే పొగకు లెక్క ఉంది, గుద్దాక ఇచ్చే డబ్బుకు లెక్క ఉంది, గుద్దకుండా ఆపే సామానుకే లేదు. పోనీ పుట్టినప్పుడైనా చూస్తారా అంటే, 2019 సవరణతో ఆ ముచ్చటా తీరింది. డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషన్ కోసం అధికారి ఎదుట నిలబెట్టనక్కర్లేదని సెక్షన్ 44ను తిరగరాశారు. కంపెనీ వాడు బాగుందన్నాడు, మనం సరేనన్నాం.

అలాగని జూబ్లీహిల్స్ కొండ మీది కారంటే రవాణా శాఖకు పట్టదనుకుంటే పొరపాటు. నంబరు దగ్గర మహా పట్టింపు. ఖైరతాబాద్‌లో 9999 వేలానికి వచ్చిందంటే మర్నాడు పేపర్లన్నిటిలో అదే వార్త. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గినీ కోసం ఆ నంబరును 17 లక్షలకు దక్కించుకున్నారు. 2024 ఆగస్టులో, ‘టీఎస్’ పోయి ‘టీజీ’ వచ్చాక, అదే నాలుగు తొమ్మిదులు పాతిక లక్షల 50 వేలు పలికాయి. డబ్బు వాళ్లది, వేలం చట్టబద్ధం, ఖజానాకు లాభం, ఎవరినీ ఏమనడానికి లేదు. నా సందేహమల్లా ఒక్కటే. నంబరు ప్లేటు మీద అంకె ఎంతో ఇంత శ్రద్ధగా చూసే శాఖకు, ఆ ప్లేటుకు రెండు మూరల వెనక ఉన్న బ్రేకు ప్యాడ్ ఎంత మందం మిగిలిందో చూడాలని ఎన్నడూ ఎందుకనిపించలేదు? ఊరు చూస్తే ఏటవాలు ఊరు. చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ వైపు దిగేటప్పుడు డ్రైవరు కుడికాలే దేవుడు.

ఇప్పుడు మనమూ దిగుదాం. కృష్ణానగర్, ఇందిరానగర్ సందుల్లో ఆటోలు కోడి కంటే ముందు లేస్తాయి. జూనియర్ ఆర్టిస్టులను, లైట్‌మెన్‌ను, మేకప్ డబ్బాలు మోసే అసిస్టెంట్లను అన్నపూర్ణకో రామానాయుడు స్టూడియోకో చేర్చేవి అవే. అద్దెకు తిరిగే బండి కాబట్టి దానికి ఫిట్‌నెస్ ఉండి తీరాలి. కొత్తది కొన్న రెండేళ్లకు మొదలు, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఎప్పుడు, ఎక్కడ అని అడిగేవాడికి జవాబు సులువే. గడువు తీరకముందే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాట్ తీసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన మైదానానికి బండి తోలుకుపోవాలి, ఆ రోజు కిరాయి పోగొట్టుకోవాలి. చివరి ముక్క ఏ ఫారంలోనూ రాసి ఉండదు.

గడువు దాటిందా, రోజుకు యాభై రూపాయలు. 2016 డిసెంబరులో కేంద్రం పెట్టిన లెక్క ఇది. నెలకు 1,500. బండి ఏడాది మూలన పడితే 18,250. 2022 మేలో హైదరాబాద్ ఆటోలు, క్యాబులు, లారీలు ఒకరోజు బంద్ పెట్టింది ఈ యాభై మీదే. సరే, ఆలస్యానికి దండన ఉండాల్సిందే అనుకుందాం. మరి కొండ మీది కారు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవడం మరిచిపోతే? నెలకు 500. ఆటోకు రోజుల లెక్క, కారుకు నెలల లెక్క. ఈ దేశంలో కష్టజీవికి రోజుకూలీ, అయ్యగారికి నెలజీతం. జరిమానా కూడా ఆ మర్యాద తప్పలేదు.

సినిమా వాళ్ల పేటలో ఉన్నాం గనుక ఇంకో సంగతి. సెన్సార్ సర్టిఫికెట్‌కు వెనకటి చట్టంలో పదేళ్లే ఆయుష్షు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దాన్ని శాశ్వతం చేశారు. రెండో ఆటకే జనం లేచిపోయిన సినిమాకు కలకాలం చెల్లే కాగితం, ఆ సినిమా తీసిన యూనిట్‌ను మోసిన ఆటోకు ఏడాదో రెండేళ్లో చెల్లే కాగితం. ఏది ఎక్కువమందిని గాయపరిచిందో ఎవరూ లెక్క తీయలేదు.

ఇంత పట్టుబట్టి పెట్టే ఆ పరీక్ష ఎలా ఉంటుందంటారా? అసలు కథ మైదానం గేటు బయటే నడుస్తుంది. ఏ ఊరి గేటో చెప్పను, మీ ఊరిదే అనుకోండి.

“అన్నా, స్టెప్నీ ఉందా?”

“ఉంది గానీ గుండైంది తమ్మీ.”

“మంచిది నేనిస్త, లోపలికి పోయొచ్చి మళ్ల నాకిచ్చెయ్. ఫస్ట్ ఎయిడ్ డబ్బా?”

“యాడుంటది?”

“అదీ ఇస్త. మంటలార్పే సిలిండర్ గూడ పెట్టమంటవా?”

“అండ్ల ఏమన్న ఉందా?”

“రంగుంది. సాలదా?”

సినిమాలో దీన్నే ప్రాపర్టీ అంటారు. షాట్‌కు ముందు తెచ్చి పెడతారు, కట్ అనగానే పట్టుకుపోతారు. ఫిల్మ్‌నగర్‌లో ప్రాపర్టీ అద్దెకిచ్చేవాడు బోర్డు పెట్టుకుని పన్ను కడతాడు. గేటు దగ్గరి తమ్ముడికి బోర్డొక్కటే తక్కువ.

లోపల, జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి, ఎంవీఐ గారు ఎండలో నిలబడి ఉంటారు. ఆయన మీద నాకు కోపం లేదు. ముందు ఒక పెద్ద వరస, చేతిలో ఒక పెన్ను, ఆయుధాలు రెండు కళ్లు, రెండు చెవులు. లైటు వేయమంటారు, హారన్ కొట్టమంటారు, వైపర్ తిప్పమంటారు, వెనక రిఫ్లెక్టర్ టేపు అంటించారా అని చూస్తారు. నాలుగు గజాలు పోనిచ్చి ఆపమంటారు, బండి ఆగుతుంది. నాలుగు గజాల వేగానికి ఎద్దుబండైనా ఆగుతుంది. కొత్త రంగు వేసుకొచ్చిన బండి మీద ఎవరికైనా గౌరవం పుడుతుంది గనుక, ఫిట్‌నెస్ ముందు డ్రైవరన్న అప్పు చేసేది బ్రేకు లైనింగ్ కోసం కాదు, పెయింటు కోసం.

కళ్లూ చెవులూ చాలవని ఢిల్లీకి తెలియక కాదు. చక్రాలను రోలర్ల మీద తిప్పి ఒక్కో బ్రేకు బలాన్ని విడివిడిగా కొలిచే యంత్రాలు, హెడ్‌లైట్ వాలు చెప్పే యంత్రాలు, అడుగున గొయ్యిలోంచి చాసీ చూసే ఏర్పాటు, ఇవన్నీ పెట్టి ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు నడపాలని 2021 సెప్టెంబరులో నియమాలు రాశారు. బండ్లు అమ్మేవాడు, బాగుచేసేవాడు ఆ స్టేషన్ నడపకూడదన్న తెలివైన షరతు కూడా అందులో ఉంది. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇదే దారి అని పోస్టరు వేశారు. తేదీ దగ్గరపడ్డాక 2024 అక్టోబరు 1కి జరిపారు. గ్రాఫిక్స్ పని మిగిలిపోయిందని చెప్పినా మనం నమ్మేవాళ్లమే, పాన్ ఇండియా సినిమాలతో మనకది అలవాటే. రోలరు వచ్చిన చోట వచ్చింది. రాని చోట ఇప్పటికీ ఎంవీఐ గారి చెవే యంత్రం.

ఏటేటా కాస్త హడావిడి కనిపించేది బడి బస్సుల దగ్గర. మే 15తో వాటి ఫిట్‌నెస్ తీరిపోతుంది, జూన్ 12న బళ్లు తెరుస్తారు. నడుమ నాలుగు వారాలు. రవాణా శాఖ మొదటి రోజు నుంచీ రండి రండి అంటుంది. యాజమాన్యాలు ఫీజుల వసూలులో తలమునకలై ఉంటాయి. జూన్ రెండో వారంలో పేపరు తీయండి, ఇంకా ఇన్ని బస్సులు పరీక్షకే రాలేదన్న వార్త ఏ ఏడూ తప్పదు. అందులో అంకె మారుతుంది, వాక్యం మారదు. పిల్లవాడికి నర్సరీ సీటివ్వడానికి అమ్మానాన్నలకు కూడా ఇంటర్వ్యూ పెట్టే కొండ మీది బడి, ఆ పిల్లవాడెక్కే బస్సును ఆఖరిరోజు సాయంత్రం వరసలో నిలబెడుతుంది.

కొండ మీద కార్లను ఎవరూ ఆపరని మాత్రం అనకూడదు. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. దాదాపు పదేళ్లు గడిచాక 2022 మార్చిలో జూబ్లీహిల్స్ ట్రాఫిక్ పోలీసులు కొందరు తారల కార్లు ఆపి ఆ ఫిల్మ్ పీకారు, చలాన్లు రాశారు. కెమెరాలన్నీ వచ్చాయి. అద్దం వెనక ఎవరున్నారో చూడాలని ఊరంతటికీ ఆత్రమే. చక్రం వెనక ఏముందో చూడాలని ఒక్క కెమెరా కూడా వంగలేదు.

ఫెయిలైన బండికి మర్యాద దొరికే చోటు కూడా ఈ సినిమా పేటే. ఫ్యాక్షన్ సినిమాల కాలంలో టాటా సుమోకు హీరోయిన్ కంటే ఎక్కువ సీన్లుండేవి. 1994లో వచ్చి 2019లో ఉత్పత్తి ఆగేలోపు అది తెర మీద గాల్లోకి లేచినన్నిసార్లు ఏ విమానమూ లేవలేదు. అలా లేపడానికి ఇంజను బాగుండనక్కర్లేదు, బ్రేకు అసలే అక్కర్లేదు, బయటికి రంగుంటే చాలు. మైదానంలోనూ అంతే కదా అని మీకనిపిస్తే నా పూచీ లేదు.

లండన్‌లో స్థిరపడ్డ మనవాళ్లను అడిగి చూడండి. అక్కడ సొంత కారుకు మూడేళ్లు నిండితే ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన కార్లకే అన్నారు, 1967కల్లా మూడేళ్లకు దించారు. సొంత బండే కదా అని అక్కడి పరీక్ష వదిలిపెట్టదు. మన బంజారాహిల్స్ మేనల్లుడు అక్కడ కిక్కురుమనకుండా ఏడాదికోసారి గ్యారేజీకి పోతాడు, సంక్రాంతికి ఇక్కడికొచ్చి నాన్నగారి కారును ఔటర్ మీద నూట నలభైలో తోలుతాడు. డాలస్ అల్లుడి కథ వేరు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకు భద్రతా పరీక్షే ఎత్తేశారు, డాలస్ చుట్టుపక్కల పొగ పరీక్ష మాత్రం ఉంచారు. పరీక్ష పోయింది గానీ దాని తాలూకు ఏడున్నర డాలర్లు పోలేదు. దానికి కొత్త పేరు పెట్టి రిజిస్ట్రేషన్‌తో పాటే పిండుతున్నారు. ఈ విద్య మనవాళ్ల చెవిన పడకుండా చూసుకోవాలి.

మన దగ్గర పదిహేనేళ్లకైనా పరీక్ష ఉంది కదా, అప్పుడు కొండ మీది కారు దొరక్కపోతుందా అని మీరనొచ్చు. దొరకదు. అక్కడ ఏ కారూ పదిహేనేళ్లు నిలవదు. నాలుగేళ్లకు మోడల్ పాతబడుతుంది, లేదా వరసగా రెండు సినిమాలు పోతే కారు అచ్చిరాలేదంటారు. రెండో యజమాని కొంపల్లిలో తేలతాడు. మూడోవాడు నల్లగొండలో, నాలుగోవాడు ఖమ్మం దాటి ఏ మండల కేంద్రంలోనో. కారు కొండ దిగేకొద్దీ ధర తగ్గుతుంది, బ్రేకు అరుగుతుంది, కాగితాల బరువు పెరుగుతుంది. పదిహేనేళ్లు నిండే వేళకు అది ఏ ఎరువుల కొట్టు పెద్దాయన చేతిలోనో ఉంటుంది. గడువుకు అరవై రోజుల లోపు ఫారం 25 పెట్టుకునేది ఆయన. 2022 దాకా 600 ఉండి ఒక్కసారి 5,000 అయిన ఫీజు కట్టేది ఆయన. గ్రీన్ టాక్స్ ఆయనదే. ఐదేళ్లు పొడిగించాక బండి ఇరవై దాటితే, 2025 ఆగస్టులో పెంచిన ప్రకారం 10,000 కట్టాల్సిందీ ఆయనే. కొండ మీద ఒక్కరూ అడగని ప్రశ్నను, చివరికి ఆ మైదానంలో, ఆ కారు బ్రేకు తొక్కి చూసిన మొట్టమొదటి అధికారి ఆయన్నే అడుగుతాడు.

“ఏం పెద్దాయనా, ఈ బ్రేకులతోటి పదిహేనేండ్లు ఎట్ల తిప్పినవ్?”

“నేను కొని ఆర్నెల్లే అయింది సారూ.”

“మరి ఆర్నెల్ల నుంచి ఏం జేస్తున్నవ్?”