నా నంబరు 512

నా కాడ మీద 512 అని చెక్కి ఉంటుంది. అంతకుమించి పేరు లేదు. పాఠ్యపుస్తకంలో శ్రుతిదండం, పిల్లల నోట ట్యూనింగ్ ఫోర్కు. రెండు కొమ్ములూ ఒక కాడా ఉన్న ఉక్కు ముక్కని. కొడితే సెకనుకి 512 సార్లు ఊగుతాను. పుట్టిననాడూ అంతే, ఇవాళా అంతే. ఎండ ముదిరితే వెంట్రుకవాసి తగ్గుతానేమోగానీ మాట తప్పను. ఇంత నికరంగా ఉండేవాళ్లకి కాస్త పొగరుంటుంది. నాకు మరీ ఎక్కువుండేది.

పుట్టింది అంబాలాలో. మన బడుల ల్యాబులకి వెళ్లే త్రాసులూ కటకాలూ ఎన్నో బయల్దేరేది ఆ ఊరి నుంచే. ఎనిమిదిమంది అన్నదమ్ములం ఒకే చెక్కపెట్టెలో వరసగా పడుకుని గుంటూరు చేరాం. అందరికంటే పొడుగు 256, అందరికంటే పొట్టి నేను. కింది 'స' అన్నది, పై 'స' నాది.

ల్యాబులో నాకు ఒక ముచ్చట ఉండేది. నిలువు గాజు గొట్టంలో నీళ్లు పోసి, ఫిజిక్స్ మాస్టారు నన్ను రబ్బరు దిమ్మె మీద కొట్టి గొట్టం మూతి దగ్గర పట్టుకునేవారు. ఒక పిల్లాడు నీటి మట్టాన్ని మెల్లగా దించేవాడు. గాలి పొడవు పదహారు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి, అంతదాకా ఉలకని గొట్టం ఒక్కసారిగా "ఊఁ" అని అందుకునేది. వెనక బెంచీవాళ్లు కూడా లేచి చూసేవాళ్లు. అనునాదం అంటే ఇదేరా అనేవారు మాస్టారు. నాకూ ఆ గుణం ఉంది. నా స్వరం ఎక్కడ మోగినా, ఎవరూ తాకకుండానే నా కొమ్ములు వణుకుతాయి.

ఆదివారం నాడు మాస్టారు నన్ను చొక్కా జేబులో వేసుకుని చర్చికి తీసుకెళ్లేవారు. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ వచ్చి దిగిన ఊరు మాది. పాటకి కొదవ లేదు. తెలుగు కీర్తనలు అందరూ ఒకే వరసలో పాడేవాళ్లు, వాటికి నాతో పనిలేదు. ఇంగ్లీషు బాణీలకి మాత్రం నాలుగు గొంతులూ నాలుగు దారుల్లో వెళ్లాలి. అప్పుడు మాస్టారు నన్ను మోకాలికి తాటించి, చెవి దగ్గర పెట్టుకుని, సొప్రానోకి ఒక స్వరం, బేసుకి ఒక స్వరం సన్నగా అందించేవారు. ముందు వరసలో కూర్చున్న ఆయన కూతురు కళ్లు నా మీదే ఉండేవి. మాస్టారు రిటైరయ్యేనాడు బడికి కొత్త పెట్టె కొనిచ్చి, పాతవాటిలోంచి నన్నొక్కణ్ణి ఇంటికి తెచ్చుకున్నారు. కూతురు అమెరికా వెళ్లేటప్పుడు నేను ఆమె హ్యాండ్‌బ్యాగులోకి చేరాను.

ఆమె కాన్సస్ సిటీ శివారులో ఒక మిడిల్ స్కూల్లో క్వయర్ టీచరయింది. అక్కడే నాకు మొదటి అవమానం. మొదటిరోజు పియానో పక్కన నన్ను మోగిస్తే, మేమిద్దరం గొడవపడ్డట్టు గాలంతా జివ్వుమంది. 1939లో లండన్‌లో దేశదేశాల వాళ్లు కూర్చుని 'ఎ' అనే స్వరానికి 440 అని ఒప్పుకున్నారు. ఆ లెక్కన పియానో మీద నా 'సి' 523కి పైచిలుకు. నాదేమో ల్యాబు శ్రుతి. ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేసుకుంటూ పోతే 512 తగులుతుందని లెక్కలవాళ్లు పెట్టుకున్న సౌకర్యం. పియానో కంటే అర స్వరంలో మూడోవంతుకి మించి కిందున్నాను. చెవి డాక్టర్ల దగ్గర ఇప్పటికీ నా నంబరుకి మర్యాద ఉంది, పాటగాళ్ల దగ్గర లేదు. అయినా ఆమె నన్ను పారేయలేదు. కచేరీకి ముందు నన్ను మోకాలికి తాటించి, కాడని చెవి వెనక ఎముకకి ఆనించుకునేది. ఎముక గుండా వెళ్లే ఆ మోత ఆమెకొక్కదానికే వినపడేది.

ఒక ఏడాది అక్టోబరులో ఒక పిల్లాడి గొంతు మారడం మొదలైంది. పదమూడేళ్లవాడు. పై స్వరం ఎత్తుకోబోతే బొంగురు, కిందికి దిగితే గాలి. చూస్తుండగానే శీతాకాలం కచేరీకి మూడు వారాలే మిగిలాయి. పిల్లలు నవ్వుతున్నారు. ఆమె అతని దగ్గరికెళ్లి మెల్లగా చెప్పింది: "ఈసారికి పెదవులు కదుపు నాన్నా, చాలు." అతను తలూపాడు. కచేరీ బాగానే జరిగింది. జనవరి నుంచి అతను క్వయర్‌కి రావడం మానేశాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ అనిపించలేదు. శ్రుతి తప్పినవాడు తప్పుకున్నాడు అనుకున్నాను. నేనే పియానో ముందు శ్రుతి తప్పినవాణ్ణన్న సంగతి గుర్తురాలేదు.

ఆ మరుసటి నెలే, 2019 ఫిబ్రవరి చివర్లో, కాన్సస్ సిటీలో అమెరికన్ కోరల్ డైరెక్టర్స్ అసోసియేషన్ జాతీయ సదస్సు. 1959లో అదే ఊళ్లో ముప్ఫై అయిదుగురు కలిసి పెట్టిన సంఘం అది. అరవయ్యో ఏట పుట్టింటికి వచ్చినట్టు వచ్చింది. ఆమె తన బదులు వచ్చే టీచరుకి పాఠాలన్నీ కాగితం మీద రాసిపెట్టి బయల్దేరింది. టీచరు లైసెన్సు రెన్యువల్‌కి సదస్సు గంటలు లెక్కకొస్తాయి. "ఆ పని ఒకటి అయిపోతుంది" అనుకుంటూ మెడలో బ్యాడ్జీ వేసుకుంది.

మొదటిరోజు ఎగ్జిబిషన్ హాలు. క్వయర్ గౌన్లు, మెట్లబల్లలు, స్వరలిపి పుస్తకాల గుట్టలు. ఒక దుకాణం దగ్గర తెల్లగడ్డం పెద్దాయన నన్ను చూసి ముచ్చటపడి కొట్టి విన్నాడు. మొహం చిట్లించాడు. "ఇది బాగా కిందుందండీ. కొమ్ముల చివర ఆకురాయితో నాలుగుసార్లు రుద్దితే సరిపోతుంది. ఇచ్చారంటే ఇప్పుడే చేసిస్తా."

ఆయన మాట అబద్ధం కాదు. చివర అరగదీస్తే మా స్వరం పెరుగుతుంది, మొదట్లో అరగదీస్తే తగ్గుతుంది. నా ప్రాణం కాడలోకి వచ్చింది. ఆమె నన్ను గభాలున బ్యాగులో వేసుకుంది. "వద్దులెండి. ఇది మా నాన్నగారిది."

మధ్యాహ్నం కొత్త పాటలు చదివి పాడుకునే సభ. గుమ్మం దగ్గర తలా ఒక స్వరలిపి కట్ట ఇచ్చారు. హాలు నిండా టీచర్లే. ఏడాది పొడుగునా చేతులూపేవాళ్లంతా ఆరోజు కుర్చీల్లో కూర్చుని, ఎన్నడూ చూడని పాటని చూస్తూ చూస్తూనే నాలుగు గొంతుల్లో ఎత్తుకున్నారు. ఆమె ఆల్టోల్లో కూర్చుంది. రెండో పేజీలో ఒక స్వరం తప్పింది, పక్కావిడ గొంతు విని సర్దుకుంది. ఎవరూ తిరిగి చూడలేదు. నాలుగో పాటకొచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకోవడం బ్యాగు సందులోంచి చూశాను. ఎవరికీ శ్రుతి అందించక్కర్లేకుండా పాడి ఎన్నేళ్లయిందో.

రెండోరోజు ఒక చిన్న గదిలో మగపిల్లల గొంతు గురించి పాఠం. జాన్ కుక్సీ అనే ఆచార్యుడు 1970లలో ఈ సంఘం పత్రికలోనే వరసగా వ్యాసాలు రాశాడట. గొంతు ఒక్కరోజులో పగలదు, మెట్లుమెట్లుగా దిగుతుంది. స్వరపేటిక పెరుగుతుంది, లోపలి తంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. మధ్యలో కొన్నాళ్లు పిల్లాడి చేతిలో నాలుగైదు స్వరాలే మిగలొచ్చు. పాఠం చెప్పేవాడు బోర్డు మీద గీతలు గీస్తూ అన్నాడు: "ఆ ఐదు స్వరాలతోనే అతనికో వరస రాయండి. కొన్ని వారాలకోసారి గొంతు మళ్లీ వినండి. పాడటం మాత్రం ఆపించకండి." అందరూ రాసుకుంటున్నారు. ఆమె పెన్ను ఆగిపోయింది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి గుంటూరుకి ఫోన్ చేసింది. అక్కడ పొద్దున్న తొమ్మిది.

"ఏమ్మా, సదస్సు ఎలా ఉంది?"

"బాగుంది నాన్నగారూ." కాసేపు ఆగి, పిల్లాడి సంగతంతా చెప్పింది. "నిన్న మీ ఫోర్కుకి ఆకురాయి తగలనివ్వలేదు గానీ, వాడి గొంతు నోట్లోనే నొక్కేశాను."

మాస్టారు తిట్టలేదు, ఓదార్చలేదు. పాఠం అడిగినట్టు అడిగారు: "గాజు గొట్టం ప్రయోగం గుర్తుందా? మోత రాకపోతే ఏం చేస్తాం?"

"నీళ్లు దించుతాం."

"ఫోర్కుని మారుస్తామా?"

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "వాడే ఫోర్కు నాన్నగారూ. నీళ్లు దించాల్సింది నేను" అంది.

టేబుల్ మీద పడుకుని విన్నాను. ముప్ఫై ఏళ్లు నన్ను నేను కొలబద్ద అనుకున్నాను. ఆ ప్రయోగంలో శ్రమంతా నీళ్లదేనని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

సోమవారం ఆమె భోజనాల వేళ ఆ పిల్లాణ్ణి వెతుక్కుంటూ వెళ్లింది. "అప్పుడు నీకు అలా చెప్పి ఉండకూడదు. నాదే తప్పు. నీ కోసం ఒక వరస రాశాను, ఐదే స్వరాలు. ఒకసారి వచ్చి చూస్తావా?" అంది. అతను చెప్పుల వైపు చూశాడు. క్వయర్ పీరియడ్ కల్లా వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె పియానో మూత మూసింది. నన్ను తీసింది గానీ కొట్టలేదు, కాగితాలు ఎగరకుండా ఇనప స్టాండు మీద పెట్టింది. "నీకు ఏది హాయిగా ఉంటే అది పట్టుకో. మేమంతా నీ దగ్గర్నుంచి అందుకుంటాం" అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత ఒక స్వరం నిలబడింది, లోతుగా, గరుగ్గా. పియానో పక్కనుంటే కింది 'సి' కంటే కాస్త తక్కువని తేల్చేసేది. నాకు లెక్క వేరే తెలిసింది. అది 128. గొంతులో ఏ స్వరమైనా ఒంటరిగా రాదు, దాని రెండు, మూడు, నాలుగు రెట్లూ వెంట వస్తాయి. 128కి నాలుగు రెట్లు 512.

స్టాండు మీద, ఎవరూ తాకకుండా, నా కొమ్ములు వణికాయి.

తక్కిన పిల్లలు ఒక్కొక్కరే అతని స్వరం మీద తమ స్వరం పేర్చారు. గది నిండింది. ఆమె చెయ్యి ఎత్తగానే అందరూ ఆగారు. నేను మాత్రం ఇంకా కాసేపు వణుకుతూనే ఉన్నాను.