కొసరు కరివేపాకు

మొన్న పొద్దున్నే ఓ కుర్రాడొచ్చి తలుపు కొట్టి, సంచీ నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. ఉల్లిపాయలూ టమాటాల మధ్య, ప్లాస్టిక్ కవర్లో చెమటలు కక్కుతూ నాలుగు కరివేపాకు రెబ్బలు. బిల్లు చూస్తే, దానికి విడిగా పదిహేను రూపాయలు!

"కరివేపాకుకి డబ్బులేమిటమ్మా?" అన్నాను కోడలితో.

"మరి ఊరికే ఇస్తారా మావయ్యగారూ?" అంది.

మా రోజుల్లో ఊరికే ఇచ్చేవారు. కాకినాడ బజార్లో వంకాయలు తూచి తక్కెడ దించగానే, కూరలమ్మే అవ్వ అడక్కుండానే గుప్పెడు కరివేపాకు సంచీలో పడేసేది. అది కొసరు. వెయ్యకపోతే మా అమ్మ అక్కణ్ణుంచి కదిలేది కాదు. అదైనా మా పెరటి చెట్టు దూసేసిన రోజుల్లోనే. నూతి పక్కన ఉండేదా చెట్టు. పులిసిన మజ్జిగంతా దాని మొదట్లోకే. పోపులో ఆవాలు చిటపటమంటుంటే "ఒరేయ్, రెండు రెబ్బలు!" అని కేక. నేను తుంచుకొచ్చేసరికి మినప్పప్పు ఎర్రబడేది. ఆకు వాసనంతా అందులోని తైలానిది. అది గాలికి ఎగిరిపోయే సరుకు. చెట్టుకీ మూకుడికీ మధ్య ఇరవై అడుగులుంటే ఒక రుచి, ఇరవై మైళ్లుంటే ఇంకో రుచి.

నేను బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. దీని శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీ. ఆ పేరులో ఉన్న కోనిగ్, వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. మొక్కలు వెతుక్కుంటూ మన తీరానికొచ్చి, 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఏటా క్లాసులో ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఏటా ఒకడు లేచి "ఇది పరీక్షకొస్తుందా సార్?" అనేవాడు.

ఇప్పుడు కోడలికి ఫోన్లో ఎవరో చెప్పారట, కరివేపాకు ఆరోగ్యమని. పరగడుపున ఆకులు మరిగించిన నీళ్లు తాగుతోంది. మధ్యాహ్నం సాంబారులో ఆకు మాత్రం కంచం అంచున కంచె కడుతోంది! హైదరాబాదు పోషకాహార సంస్థవారి పాత పట్టికలో వంద గ్రాముల ఆకుకి 830 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉంది. నిజమే. కానీ పోపులో వేసే రెబ్బ ఎంత తూగుతుంది? మహా అయితే రెండు గ్రాములు. అదీ ఏరి పారేస్తే ఇక ఒంటికేం పడుతుంది?

మా అమ్మ పట్టికలు చూడలేదు. ఆకు కడిగి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపితే గలగలమనేదాకా వేయించేది. ఎండుమిర్చి, ధనియాలు, మినప్పప్పు విడివిడిగా వేయించి, చింతపండు రెబ్బా ఉప్పూ వేసి రోట్లో దంచేది. ముప్పాతిక వంతు ఆకే. వేడన్నంలో నెయ్యి వేసి ఆ కారం కలిపి మొదటి ముద్ద పెట్టేది. ఇంట్లో బాలింత ఉంటే ముందు ఆమెకి, తర్వాతే మాకు. ఇవాళ కొట్లో కొన్న సీసా మూత తీస్తే పప్పుల వాసన తప్ప ఆకు జాడ లేదు.

నిజం చెప్పొద్దూ, చిన్నప్పుడు నేనూ ఏరి పారేసినవాణ్ణే. అమ్మ తిట్టలేదు. మర్నాటి నుంచి ఆకు నూరి మజ్జిగపులుసులో కలిపేసింది. ఏరడానికేం మిగల్లేదు.

అమెరికాలో ఉన్న మనవరాలు మాత్రం ఒక్క ఆకు పారెయ్యదు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు వస్తుందని పచ్చి ఆకు అక్కడికి తీసుకెళ్లనివ్వరు. కుండీలో పెంచుకుంటోంది. చలికాలం వస్తే కుండీని హాల్లోకి జరుపుతుంది. చేతికందనప్పుడే తెలుస్తుంది విలువ.

నేనూ బాల్కనీలో ఓ కుండీ పెట్టాను. నల్లగా పండిన కాయ తెచ్చి, గుజ్జు తీసి, గింజ ఆరకముందే పాతాను. ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. రోజూ పుల్లమజ్జిగ పోస్తున్నాను. ఆరేసిన బట్టల మీద మజ్జిగ చుక్కలు పడుతున్నాయని కింది ఫ్లాటావిడ నిన్న తగాదాకొచ్చింది. అంతా విని, వెళ్లేటప్పుడు రెండు రెబ్బలు తుంచి చేతిలో పెట్టాను.

"ఎంతండీ?" అంది.

"కొసరమ్మా," అన్నాను.