నాలుగో పోర్టు

ఎండాకాలం వచ్చిందంటే మా ఉమ్మడి కృష్ణా జిల్లాలో మామిడి ఒకపక్కా, ఈసీఈ ఫైనలియర్ ప్రాజెక్టులు మరోపక్కా లారీల లెక్కన దిగుతాయి. మామిడి కనీసం నూజివీడు తోటల్లో కాస్తుంది. ప్రాజెక్టులు ఎక్కడ కాస్తాయో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఈ ఏడు వాటి రుచి చూసి మార్కులేయమని బెజవాడ శివార్లలోని ఒక కాలేజీవాళ్ళు నన్ను ఎక్స్‌టర్నల్‌గా పిలిచారు. రిటైరయ్యాక నన్ను తలుచుకునేది ఈ సీజన్లోనే, తద్దినం రోజున కాకిని తలుచుకున్నట్టు.

మొదటి బ్యాచ్ రికార్డు అట్ట మీద బంగారు అక్షరాలు తళతళలాడుతున్నాయి: ‘మల్టీలేయర్ బ్రాడ్‌బ్యాండ్ మైక్రోవేవ్ హైబ్రిడ్ కపుల్స్.’ కులాంతర వివాహాల మీద సర్వే కాబోలు, గుండెధైర్యం గల పిల్లలే అనుకున్నాను. తెరిచి చూస్తే, పాపం, కప్లరే. అచ్చుతప్పు.

హైబ్రిడ్ కప్లరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు పోర్టులుంటాయి. ఒకదాంట్లో సిగ్నల్ పోస్తే రెండింట్లోంచి చెరిసగం వస్తుంది, ఒకదానికొకటి తొంభై డిగ్రీల తేడాతో. నాలుగోదాంట్లోంచి ఏమీ రాదు. దాన్ని ఐసోలేటెడ్ పోర్టంటారు. అర్థం కాకపోతే మన ప్రకాశం బ్యారేజీ మీద నిలబడండి. వచ్చిన కృష్ణ విజయవాడ వైపు తూర్పు డెల్టాకీ, సీతానగరం వైపు పశ్చిమ డెల్టాకీ చీలుతుంది. నాలుగో పోర్టు కింద దివిసీమలో, కోడూరు, నాగాయలంక చివరి భూముల దగ్గరుంటుంది. మ్యాపులో కాలవ ఉంటుంది, కాలవలో నీళ్ళుండవు. 1855 నాటి ఆనకట్టప్పుడూ, 1957లో బ్యారేజీ వచ్చాకా ఈ పంపకం చేసినవాడు లస్కరు. అతగాడికి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేదు. తప్పు చేస్తే రాత్రికి రాత్రి కర్రలు పట్టుకొచ్చే రైతులున్నారు. అంతకు మించిన క్యాలిబ్రేషన్ నేనెక్కడా చూడలేదు.

చిక్కల్లా ఈ ‘బ్రాడ్‌బ్యాండ్’ దగ్గర. మామూలు బ్రాంచ్‌లైన్ హైబ్రిడ్‌లో ప్రతి చేయీ తరంగంలో పావు పొడవుండాలి. ఆ పావు ఒక్క ఫ్రీక్వెన్సీకే సరిపోతుంది. పదీ ఇరవై శాతం అటూ ఇటూ అయితే సర్దుకుంటుంది, ఆ పైన పంపకం చెడుతుంది. వెడల్పు కావాలంటే రెండు లైన్లను గట్టిగా కలిపి కట్టాలి. పక్కపక్కన పెడితే వాటి మధ్య సందు వెంట్రుకంత సన్నం కావాలి, అది గీయడం కష్టం. అందుకే 1969లో లాంగే అనే ఆయన వేళ్ళలో వేళ్ళు పెట్టినట్టు లైన్లను అల్లాడు. మరో దారి, పొరల మీద పొరలేసి ఒకదాని నెత్తిన ఇంకొకటి పెట్టడం. సత్యనారాయణపురంలో అద్దెకున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పక్క పోర్షన్లో పోట్లాట సగమే వినిపిస్తుంది, పై పోర్షన్లో రోట్లో నూరితే మన నెత్తినే నూరినట్టుంటుంది.

2007లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో అబ్బోష్, బియాల్‌కోవ్‌స్కీ అనే ఇద్దరు పైనా కిందా దీర్ఘవృత్తాకారపు రాగి పలకలు, మధ్య గ్రౌండ్‌లో అదే ఆకారపు కిటికీ పెట్టి, 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా సరిపోయే కప్లర్లు చేసి చూపించారు. అందమైన పని. అప్పట్నుంచీ ఆ దీర్ఘవృత్తం మన జిల్లాలో ఏటా కొత్తగా పుడుతోంది. ప్రతి పురుడుకీ తల్లిదండ్రులు వేరే.

“ఏదీ బాబూ, నీ బోర్డు?”

సంచీలోంచి తీశాడు. రెండు ఎఫ్ఆర్‌4 ముక్కలు, మధ్యలో ఫెవిక్విక్. గోరు పెడితే ఒక మూల పైకి లేచింది. పై దీర్ఘవృత్తం కింది దానికి ఎదురుగా లేదు. అలిగినట్టు మిల్లీమీటరు పక్కకి జరిగి కూర్చుంది. 10 గిగాహెర్ట్జ్ తరంగం గాలిలో 3 సెంటీమీటర్లు, ఈ బోర్డులో సుమారు సగం. అందులో పావంటే నాలుగు మిల్లీమీటర్లు. నాలుగులో ఒకటి పోయాక ఇంకేం మిగులుతుంది? పైగా ఆ జిగురు, దాంట్లో చిక్కిన గాలి బుడగ రెండూ కూడా పొరలే. సిమ్యులేషన్లో మాత్రం వాటికి చోటు లేదు.

“మరి ఈ గ్రాఫు?”

“సిమ్యులేషన్ది సార్.”

“బోర్డెందుకు?”

“వైవాకి సార్.”

కొలిచే యంత్రం లేక కాదు. నెట్‌వర్క్ ఎనలైజర్ ఏసీ గదిలో ఉంది, తాళం హెచ్‌వోడీ దగ్గరుంది, హెచ్‌వోడీ పెళ్ళిలో ఉన్నాడు. అద్దంలోంచి చూశాను. కవరు తియ్యని ఆ యంత్రానికి దసరా నాటి కుంకుమబొట్లు మూడున్నాయి, ముందు ఎండిన నిమ్మకాయ ఉంది. తనిఖీ బృందం వచ్చినప్పుడు హారతి కూడా ఇస్తారేమో.

ప్రాజెక్టు సెంటర్ అన్నయ్యకి ఎంతిచ్చారని మెల్లగా అడిగితే పన్నెండు వేలన్నాడు. బ్యాచ్‌లో నలుగురు, తలా మూడు వేలు. నాలుగు పోర్టులకీ సమానంగా పంచిన డివైడరు నాకు తెలిసి ఇదొక్కటే.

ఈ హైబ్రిడ్‌కి ఇంకో గుణముంది, దాన్ని మాత్రం ఏ రికార్డులోనూ రాయరు. రెండు అవుట్‌పుట్ల దగ్గరా ఒకే రకం చెత్త లోడు తగిలించి, వెళ్ళిన సిగ్నలంతా తిరగ్గొట్టినా ఇన్‌పుట్ వాడికి తెలియదు. ఆ తొంభై డిగ్రీల తేడా పుణ్యమా అని తిరిగొచ్చిన రెండూ ఇన్‌పుట్ దగ్గర ఒకదాన్నొకటి చంపుకుని, మొత్తం నాలుగో పోర్టుకి పోతాయి. అక్కడి 50 ఓముల రెసిస్టరు నోరు మూసుకుని వేడెక్కుతుంది. ఇన్‌పుట్ దగ్గర మీటరు పెట్టి చూడండి, అంతా దివ్యంగా మ్యాచ్ అయినట్టే.

బందరు రోడ్డు పొడుగునా ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు చూస్తుంటే, మన కాలేజీలకి ఈ థియరీ రాదన్నవాడి నాలుక పడిపోవాలి. ఫీజు పోసే తండ్రికి మార్కుల మెమో కనిపిస్తుంది, ఫ్లెక్సీ మీద కొడుకు ఫోటో కనిపిస్తుంది. వేడెక్కేది వేరేచోట, అమీర్‌పేట హాస్టల్లో, పై బంకు మీద జావా నోట్సు బట్టీ కొడుతూ.

మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు. నేనూ మ్యాచ్ అయ్యాను. నూటికి తొంభై నాలుగు వేసి సంతకం పెట్టాను. అచ్చుతప్పుకి ఒకటి తగ్గించాననుకోండి.

వరండాలో ఒకాయన సంచీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ కుర్రాడి తండ్రి, కోడూరు వైపు ఊరు. ఉప్పెననాడు ఏడేళ్ళవాణ్ణన్నాడు. 1977 నవంబరు 19. ఆ దివిసీమకి మబ్బు ఏ పక్క నుంచి ముంచుకొస్తోందో చెప్పే డాప్లర్ రాడారు ఇప్పుడు బందర్లోనే ఉంది. పంపే శక్తినీ తిరిగొచ్చే చిన్న ప్రతిధ్వనినీ ఒకే యాంటెన్నా దగ్గర వేరుచేసే పనిలో రాడార్లకి ఈ హైబ్రిడ్‌లు పాత కాపులు. కాలేజీ నుంచి బందరుకి డెబ్బై కిలోమీటర్లుండదు. పిల్లల్ని ఇండస్ట్రియల్ టూరుకి ఊటీ తీసుకెళ్ళారు.

“మాష్టారూ, మావాడు చేసింది పనిచేస్తుందాండీ?”

“మీ వైపు నుంచి చూస్తే ఏ లోపమూ కనబడదండీ” అన్నాను. సాంకేతికంగా అబద్ధం కాదు.

ఆయన మొహం విప్పారింది. సంచీలోంచి నాలుగు చిన్నరసాలు తీసి నా చేతిలో పెట్టాడు.

“అయితే ఎమ్మెస్‌కి పంపొచ్చంటారా? ఇంకో ఎకరం ఉందిలెండి, కాలవ చివర. నీళ్ళెలాగూ రావు.”