గేటు దగ్గర మాత్రం సర్కారు కావాలట!

అమెరికాలో లిబర్టేరియన్లని ఒక తెగ ఉంది. పన్ను అంటే పట్టపగటి దోపిడీ అంటారు. సర్కారుకి బడి నడపడం రాదు, పోస్టాఫీసు నడపడం రాదు, రోడ్డు వెయ్యడం అసలే రాదు. వానాకాలంలో మన ఊళ్ళ రోడ్లెక్కినవాడెవడూ దీన్ని కాదనడు. కానీ వీళ్ళలో కొందరు సరిహద్దు దగ్గరికొచ్చేసరికి ప్లేటు ఫిరాయిస్తారు. అక్కడ మాత్రం సర్కారుకి దివ్యదృష్టి వచ్చేస్తుందట! ఎవడు పనికొస్తాడో, ఏ దేశం నుంచి ఎంతమంది చాలో పొల్లు పోకుండా చెప్పేస్తుందట.

దీనికో శాస్త్రం కూడా ఉంది. హాన్స్ హెర్మన్ హోపె అనే ఆచార్యుడి వాదం ప్రకారం ప్రభుత్వ ఆస్తి పన్ను కట్టినవాళ్ళది. అది సర్కారు చేతిలో ఉన్నంతకాలం సర్కారు వాళ్ళ తరఫు ధర్మకర్తలా మసలుకుని, పిలవనివాణ్ణి బయటే ఆపాలి. నిన్నటిదాకా దొంగ, ఇవాళ ధర్మకర్త! మన దేవస్థానం బోర్డుల్లో కూడా పదవి ఇంత సులువుగా రాదు.

సరే, పిలిచినవాడి సంగతేమిటి? టెక్సాస్‌లో ఒక కంపెనీ యజమాని గుంటూరు కుర్రాణ్ణి ఉద్యోగానికి రమ్మన్నాడు. ఇంకొకాయన తన ఇల్లు అద్దెకిస్తానన్నాడు. ఇద్దరూ పన్ను కట్టేవాళ్ళే. అడ్డం పడింది సర్కారే. కంపెనీలకి కొత్త హెచ్‌1బీ వీసాలు ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. ఆపైన లాటరీ. 2025 సెప్టెంబరులో ట్రంప్, బయటి నుంచి రప్పించుకునే కొత్తవాళ్ళ మీద తలకి లక్ష డాలర్లు వేశాడు. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఏ దేశం వాటా అయినా 7 శాతమే. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. చేతక్ స్కూటర్ బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకున్న మన పాత పర్మిట్ రాజ్యం అచ్చం ఇదే. కోటాలన్నిటినీ తిట్టిపోసేవాళ్ళు ఈ కోటాకి హారతి పడుతున్నారు. మనవాళ్ళు తెలివైనవాళ్ళు. మార్కెట్‌ని నమ్ముకోకుండా చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, వీసా స్టాంపు పడ్డాక 108 చెల్లించుకుంటారు.

గోడ ముచ్చట ఇంకా సొగసు. 2006 నాటి సరిహద్దు కంచె చట్టం తర్వాత, రియో గ్రాండే నది పక్కన కంచె వెయ్యడానికి సర్కారు టెక్సాస్ భూయజమానుల మీద కేసులు వేసి మరీ నేల తీసుకుంది. ఆస్తిని కాపాడే గోడ కోసం ఆస్తి లాక్కోవడం! మన భూసేకరణ అధికారులు అక్కడ శిక్షణకి వెళ్ళాల్సిందే.

ఇరుకున పడితే ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ని అడ్డం పెట్టుకుంటారు: సంక్షేమ రాజ్యం ఉన్నంతకాలం స్వేచ్ఛగా వలసలు కుదరవన్నాడు కదా అని. అలాగైతే గోడేదో సంక్షేమం చుట్టూ కట్టుకోండి, దేశం చుట్టూ ఎందుకు? ఈ మాట నాది కాదు, ఆ లిబర్టేరియన్ల కేటో సంస్థలోవాళ్ళే అన్నది. అందులో నిజాయితీ ఉంది.

గ్రీన్‌కార్డు చేతికందగానే ఈ సిద్ధాంతం తలకెక్కిన మనవాళ్ళు డల్లాస్‌లోనూ దొరుకుతారు. ఈసారి ఫోన్లో మీ బావగారు "పన్నంటే దొంగతనం, సరిహద్దు మూసెయ్యాలి" అని ఒకే ఊపిరిలో అంటే వాదన పెట్టుకోకండి. ఆ గేటు దగ్గర కాపలావాడి జీతం ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం అడగండి.