గోతికి దిక్కెవరు?

ట్యాంకుకు లైసెన్సుంది. గోతికి లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

శృంగవరపుకోట మీదుగా అరకు పోయే దారిలో పాత పెట్రోలు బంకొకటి మూతపడిందనుకోండి. క్రేనొస్తుంది. తుప్పు పట్టిన ఇనప ట్యాంకును పైకి లాగుతుంది. తుక్కు వ్యాపారి కాటా వేసి పట్టుకుపోతాడు. మిగిలింది గొయ్యి. అడుగున మట్టి నల్లగా, జిగటగా ఉంటుంది. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తల తిరుగుతుంది. పెట్టుకునేదెవరు గనక? సాయంత్రానికి నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ దిగుతుంది. మర్నాడు ‘ప్లాట్లు అమ్మబడును’ ఫ్లెక్సీ. శుభం!

అదే ట్యాంకు పాతిననాడు ఎన్ని సంతకాలు! కలెక్టరుగారి నిరభ్యంతర పత్రం. పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు. కొలత తగ్గుతోందేమోనని తూనికలు కొలతల శాఖ తనిఖీ. బండిలోకి పోయే చుక్కకు ఇంత కాపలా. మట్టిలోకి పోయే చుక్కకు? నాథుడు లేడు.

అలా అనకండి, నిబంధన ఉందంటారు. ఉంది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది: లీకు 165 లీటర్లు దాటితే తెలియజేయాలి. మరి 164 అయితే? భూమాతకు నైవేద్యం! కాస్త లెక్క చూద్దాం. బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. క్యాన్సర్ తెచ్చే సరుకది. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇప్పుడు గుణించండి. ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ అంతా కరిగితే 8 లక్షల లీటర్లకు పైగా నీళ్లు ఆ గీత దాకా వస్తాయి. 164 లీటర్లకు? 14 కోట్ల లీటర్లు. ఇది చెప్పుకోదగ్గ విషయం కాదట!

‘మాది కొండనేల బాబూ, ఏటౌతాది’ అనుకుంటున్నారా? ఇక్కడి ఖొండలైట్ రాయి పైన శిథిలమై మెత్తబడి ఉంటుంది. కింద పగుళ్లు. పెట్రోలు నీటిమీద తేలుతుంది. కరిగిన బెంజీన్ మాత్రం పగులు ఎటు లాక్కెళ్తే అటు పోతుంది. ఎవరింటి బోరులోనో పైకొస్తుంది. ‘నీళ్లు కిరసనాయిలు కంపు కొడతన్నాయి బాబూ’ అని ఆ ఇంటావిడ మొత్తుకుంటే? పంచాయతీవారు నీటి సరఫరావారిని చూపిస్తారు. వారు భూగర్భజల శాఖను చూపిస్తారు. వారు కాలుష్య మండలిని. ఆవిడ విసిగిపోయి 20 లీటర్ల క్యాను కొనుక్కుంటుంది. ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు!

ఇదంతా ఊహేనంటారా? తరతరాలుగా తెలుగువాళ్లున్న ఉత్తర చెన్నైలో, తండయార్‌పేటలో, 2013లో బోరు నీళ్లలో నూనె తేలింది. భారత్ పెట్రోలియం పైపులైను కారింది. ముందు పసిగట్టింది మీటర్లా? అధికార్లా? బిందె పట్టుకున్న జనం. అమెరికాలో ఇప్పటిదాకా 5 లక్షలకు పైగా లీకులు తేలాయి. ప్రక్షాళనకు 1986లోనే గ్యాలనుకు పదోవంతు సెంటు పన్ను వేసి నిధి పెట్టారు. మన ట్యాంకులు కారవా? ఎందుకు కారవు! లెక్కపెట్టలేదు గనక కారనట్టే.

2025 జూలైలో కలుషిత స్థలాల నిబంధనలూ వచ్చాయి. జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా తేల్చాలి. బావుంది. దేశం మొత్తమ్మీద అప్పటికి గుర్తించినవి 103 స్థలాలు. శుద్ధి మొదలైనవి? ఏడు. ఈ వేగంతో శృంగవరపుకోట దాకా ఎప్పుడొస్తారో!

గోతి మట్టికి, నీటికి పరీక్ష ఏమన్నా బ్రహ్మవిద్యా? గొయ్యి పూడ్చకముందే అడుగు నుంచి, నాలుగు పక్కల నుంచి మట్టి తీయాలి. చుట్టూ కనీసం మూడు బోర్లు వేయాలి. నీళ్లు ఎటు వాలుతున్నాయో తేలాలంటే మూడూ కావాలి. గాజుసీసాను ఆ నీళ్లతో బుడగైనా లేకుండా నింపి, బిరడా బిగించి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. ఖాళీ వదిలితే బెంజీన్ ఆవిరై అందులోకి చేరుతుంది. మూత తీయగానే తుర్రుమంటుంది. మనవాళ్లేం చేస్తారు? కూల్‌డ్రింక్ సీసాలో సగం నింపి, జీపు అద్దం దగ్గర ఎండలో పెట్టి, దారిలో టీ తాగి, తీరిగ్గా విశాఖ చేరుస్తారు. రిపోర్టు వస్తుంది: ‘అన్నీ పరిమితుల్లోనే ఉన్నవి.’ ఉండక ఏం చేస్తాయి?